మెట్టరైతుల గురువు – జార్జి కార్వరు

అనంతపురపు సీమలో వర్షము తక్కువ. ఏడాది పొడవునను సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. అదియైనను అదనునకు కురియునను నమ్మకము లేదు. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు సముద్రతీరము నుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనములగును. నేల పలుచని ఎఱ్ఱనేల. ఇట్టిచోట రైతును చాలకాలముగా ఆదుకొనుచున్న పంట వేరుసెనగ. దాని పసుపుపచ్చని పూవు నేలపైన పూయును. పూవు వాడిన పిమ్మట ఊడ క్రిందికి దిగి మట్టిలో చొచ్చుకొనును. కాయ చీకటిలో, ఎవరి కంటను పడక, పెరుగును.

ఈ మొక్క పేరుతో లోకమంతటను ప్రసిద్ధికెక్కిన మహనీయుడు జార్జి వాషింగ్టను కార్వరు. ఆయన మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను మెట్టపొలము దున్నుకొను ప్రతి కుటుంబమును తెలిసికొనదగినది ఆయన చరిత్రము.

అమెరికా దేశమునందు మిస్సోరి రాష్ట్రమున డైమండు గ్రోవు అను పల్లెలో 1864 ప్రాంతమున జార్జి జన్మించెను. ఆయన పుట్టినతేది నెవరును వ్రాసియుంచలేదు. ఆ కాలమున నీగ్రో జాతివారు బానిసలు. పశువులవలె క్రయవిక్రయములకు లోబడినవారు. జార్జి తల్లి మేరీ, మోజెస్ కార్వరు అను తెల్లరైతు ఇంట బానిస. అప్పుడు ఆ దేశమున అంతర్యుద్ధము జరుగుచుండెను. ఒకనాడు దోపిడిగాండ్రు వచ్చి మేరీని, ఆమె ఒడిలోని పసిబిడ్డను ఎత్తుకొనిపోయిరి. మోజెస్ వారిని వెదకించుటకు మనిషిని పంపెను. బిడ్డ మాత్రము దొరకెను; తల్లి జాడ ఎన్నటికిని తెలియలేదు. బిడ్డను తెచ్చినవానికి మోజెస్ ఒక గుఱ్ఱము నిచ్చెను. లోకము పూజించిన శాస్త్రజ్ఞునకు శైశవమున కట్టబడిన వెల ఒక గుఱ్ఱము!

బానిసత్వము రద్దయిన పిమ్మట మోజెస్, ఆయన భార్య సూసన్, జార్జిని అతని అన్న జేమ్సును తమ యింటనే పెంచిరి. జార్జి బలహీనుడు, పొలముపనికి తగినవాడు కాడు. అందుచే వంటయు, బట్టలుతుకుటయు, కుట్టుపనియు నేర్చుకొనెను. తీరికవేళలందు అడవిలో తిరిగి మొక్కలను తెచ్చి చాటుగా ఒక చిన్న తోట పెంచెను. ఏ మొక్కకు నీడ కావలయునో, దేనికి ఎండ కావలయునో, ఏ మన్ను దేనికి సరిపడునో అతడు తన కన్నులతో చూచి తెలిసికొనెను. వాడిన మొక్కలను ఇరుగుపొరుగువారు అతనివద్దకు తెచ్చుచుండిరి. ఆ బాలుని వారు మొక్కల వైద్యుడని పిలుచుచుండిరి.

సూసన్ అతనికి అక్షరములు నేర్పెను. కాని ఆ గ్రామపు బడిలో నల్లవారి పిల్లలకు ప్రవేశము లేదు. నల్లపిల్లల బడి ఎనిమిది మైళ్ళ దూరమున నియోషో పట్టణమున నుండెను. జార్జి ఒంటరిగా నడచి అచ్చటికి పోయెను. మరియా వాట్కిన్సు అను నీగ్రో ఇల్లాలు అతనికి తన ఇంట చోటిచ్చెను. అతడు ఇంటిపనులు చేయుచు బడికి పోవుచుండెను. ఆ బడిలో నేర్వదగినదంతయు నేర్చిన పిమ్మట కాన్సాస్ రాష్ట్రమునకు పోయి, ఊరూర బట్టలుతికియు, వంటలు వండియు పొట్టపోసికొనుచు ఉన్నత పాఠశాల చదువు ముగించెను.

అంతట ఒక కళాశాలకు దరఖాస్తు పంపగా, ప్రవేశమిచ్చితిమని ఉత్తరము వచ్చెను. సంతోషముతో పోయిన జార్జిని ఆ కళాశాలవారు చూచి, నల్లవాడని తిప్పి పంపివేసిరి. ఉత్తరమునకు రంగు లేదు. మనిషికి రంగు కలదు. ఆ అవమానమును అతడు మౌనముగా భరించెను. కాని చదువు కోరికను విడువలేదు. కొంతకాలము కాన్సాస్ మైదానమున సొంతముగా భూమి సాగుచేసి, వానలేని నేలతో పోరాడుట యెట్టిదో అనుభవమున నేర్చుకొనెను.

1890 లో అయోవా రాష్ట్రమున సింప్సన్ కళాశాల అతనికి ద్వారములు తెరచెను. అచ్చట చిత్రలేఖనమును, సంగీతమును అభ్యసించెను. అతడు గీసిన మొక్కల బొమ్మలను చూచిన ఉపాధ్యాయిని ఎట్టా బడ్, ఇతనికి సహజమైన విద్య వృక్షశాస్త్రమని గ్రహించెను. ఆమె తండ్రి ఏమ్సు నగరమునందలి వ్యవసాయ కళాశాలలో తోటల పెంపకమును బోధించు ఆచార్యుడు. ఆమె ప్రోత్సాహముచే 1891 లో జార్జి ఆ కళాశాలలో చేరెను. అచ్చట చేరిన మొదటి నల్లవిద్యార్థి అతడే. తొలిదినములలో అతనిని తోటి విద్యార్థులతో పంక్తిని కూర్చుండనీయలేదు. కాని కొలదికాలములోనే అతని శీలమును, విద్యయు అందరి ఆదరమును సంపాదించెను. 1894 లో పట్టభద్రుడై, ఆ కళాశాలలోనే మొదటి నల్ల అధ్యాపకుడయ్యెను. పామెల్ అను ఆచార్యుని వద్ద మొక్కలకు తెగుళ్ళు కలిగించు బూజులను పరిశోధించి 1896 లో ఉన్నత పట్టమును పొందెను.

ఈ కళాశాలల పుట్టుక గూర్చి రెండు మాటలు తెలిసికొనవలెను. అబ్రహాము లింకను అధ్యక్షుడుగా నున్నప్పుడు, 1862 లో, ఒక చట్టము వెలువడెను. దానిప్రకారము ప్రభుత్వము తన భూములను రాష్ట్రముల కిచ్చెను. ఆ భూములపై వచ్చిన ధనముతో వ్యవసాయమును, యంత్రవిద్యను బోధించు కళాశాలలు నెలకొన్నవి. 1887 నాటి మరియొక చట్టముచే వాటికి చేరువగా పరిశోధన క్షేత్రము లేర్పడినవి. పిల్లలకు బోధించుట, పొలములో పరిశోధించుట, కనుగొన్న దానిని రైతునకు అందించుట – ఈ మూడును ఒకే సంస్థ యొక్క ధర్మములని క్రమముగా స్థిరపడెను. ఆ మూడు ధర్మములను ఒక్క మనుష్యుడు తన జీవితమున నెట్లు నెరవేర్పగలడో కార్వరు చూపెను.

అలబామా రాష్ట్రమునందు టస్కెగీ అను ఊరిలో నల్లవారి కొరకు 1881 లో ఒక విద్యాలయము వెలసెను. దానిని నడపుచుండినవాడు బుకర్ వాషింగ్టను; ఆయనయు బానిసగా పుట్టినవాడే. 1896 లో ఆయన కార్వరును వ్యవసాయశాఖకు అధిపతిగా ఆహ్వానించెను. జీతము సాలుకు వేయి డాలర్లు. అయోవాలో కార్వరునకు మంచి ఉద్యోగము, గౌరవము, సుఖము కలవు. టస్కెగీలో అవేవియు లేవు. కాని తన జాతివారు అచ్చట నుండిరి. ఆయన వెంటనే బయలుదేరెను. తరువాతి నలుబది యేడు సంవత్సరములును, అనగా మరణించువరకును, ఆ స్థలమును విడువలేదు.

వచ్చి చూడగా ప్రయోగశాల లేదు. పరికరములు కొనుటకు ధనము లేదు. కార్వరు నిరాశ చెందక శిష్యులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలను వెదకెను. పగిలిన సీసాలు, పాతగిన్నెలు, తుప్పుపట్టిన రేకులు ఏరితెచ్చిరి. సీసాలను కోసి పరీక్షపాత్రలుగా మార్చిరి. పాతలాంతరు పొయ్యి యయ్యెను. ప్రయోగశాల లేదని చింతించుటకంటె, చేతనున్న దానితో ప్రయోగము మొదలిడుట మేలని శిష్యులకు ఆనాడే బోధపడెను. అదియే వారికి మొదటి పాఠము.

రెండవ పాఠము నేలను గూర్చినది. ఆ ప్రాంతమున రైతులు తరతరములుగా ప్రత్తి తప్ప వేరొండు పంట నెరుగరు. ఇంటి గుమ్మమువరకు ప్రత్తియే. నల్లవారిలో పెక్కుమంది పరుల భూమిని పాలికి చేయువారు. విత్తనమునకును, తిండికిని వర్తకునివద్ద అప్పు. ఆ అప్పునకు రాబోవు పంటయే తాకట్టు. వర్తకుడు కోరునది ప్రత్తియే. ఇట్లు అప్పు రైతును ప్రత్తికి కట్టివేసెను. ప్రత్తి నేలను పీల్చివేసెను. దిగుబడి తగ్గినకొలది అప్పు పెరిగెను. వానలకు మన్ను కొట్టుకొనిపోయి పొలములు గండ్లు పడెను. పిల్లలు చాలినంత తిండిలేక వ్యాధులపాలగుచుండిరి.

కార్వరునకు పరిశోధన కొరకు ఇచ్చిన భూమియు ఇట్టి చవిటినేలయే. ఆయన రైతు కొనలేని ఎరువులను నమ్ముకొనలేదు. అడవిలోని రాలుటాకులను, చిత్తడినేలల మడ్డిని, పెంటను చేర్చి మగ్గబెట్టి వేసెను. ప్రత్తి వేసినచోట మరుసటియేడు అలసందయో, వేరుసెనగయో వేసెను. ఈ పప్పుజాతి మొక్కల వేళ్ళపై చిన్న బుడిపెలు కలవు. వాటిలో రైజోబియము అను సూక్ష్మజీవులు నివసించును. అవి గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చును. ఆకులును, వేళ్ళును నేలలో మిగిలినచో కొంత సారము నేలకును చేరును. ఈ సత్యమును శాస్త్రజ్ఞులు అప్పటికే కనుగొనియుండిరి. కాని అది గ్రంథములలో నుండెను. అలబామా రైతు గ్రంథములు చదువనేరడు. గ్రంథమునకును గుడిసెకును నడుమ త్రోవ వేయుటయే కార్వరు తన పనిగా పెట్టుకొనెను.

అందుకొరకు ఆయన మూడు మార్గములు త్రొక్కెను. నెలకొకసారి రైతులను విద్యాలయమునకు పిలిచి పొలములు చూపించి మాటలాడుట మొదటిది. చిన్న పుస్తకములు వ్రాయుట రెండవది. 1898 మొదలుకొని ఆయన నలుబదికి మించి ఇట్టి పుస్తకములు ప్రకటించెను. అందు సేద్యపు పద్ధతి రైతునకు, శాస్త్రవిషయము ఉపాధ్యాయునకు, వంటల విధానము ఇల్లాలికి పనికివచ్చునట్లు తేటమాటలలో నుండును. 1916 లో వెలువడిన పుస్తకమున వేరుసెనగను పండించు విధానమును, దానిని తినదగు విధములు నూటయైదును వివరించెను.

మూడవ మార్గము అన్నిటికంటె గొప్పది. విద్యాలయమునకు రాలేని రైతునొద్దకు విద్యాలయమే పోవలెనని వారు తలచిరి. న్యూయార్కు ధనికుడగు మోరిస్ జెసప్ ఇచ్చిన ధనముతో 1906 లో ఒక గుఱ్ఱపుబండిని చేయించిరి. అందు నాగళ్ళు, విత్తనములు, వెన్న చిలుకు పరికరములు మున్నగునవి అమర్చిరి. కార్వరు శిష్యుడగు థామస్ కేంబెల్ ఆ బండిని పల్లెపల్లెకు నడిపెను. ఎవరి పొలము వద్దనో నిలిపి, ఆ పొలములోనే దున్ని, విత్తి, కలుపు తీసి చూపించుచుండిరి. చెవితో విన్నది రైతు మరచిపోవచ్చును. తన పొలములో తన కన్నులతో చూచినదానిని మరువడు. తరువాతి కాలమున ఆ గుఱ్ఱపుబండికి బదులు మోటారుబండి వచ్చెను.

1910 ప్రాంతమున అలబామాకు ఒక విపత్తు వచ్చెను. మెక్సికో దేశమునుండి బయలుదేరిన ముక్కుపురుగు ప్రత్తికాయలను తొలుచుచు రాష్ట్రములకు రాష్ట్రములను నాశము చేయుచు వచ్చెను. ఒకే పంటను నమ్ముకొన్నవారికి వేరు దిక్కు లేకపోయెను. అప్పుడు రైతులనేకులు వేరుసెనగ వైపు మరలిరి. ఎంటర్ ప్రైజ్ అను ఊరివారు, ప్రత్తిని విడిపించి వేరుసెనగను పట్టించిన ఆ పురుగునకే 1919 లో ఒక స్మారకస్తంభము నెత్తిరి! లోకమున పురుగునకు స్మారకము కట్టుట మిక్కిలి అరుదు.

పంట పండినంత మాత్రమున చాలదు, అమ్ముడుపోవలెను. కార్వరు తన ప్రయోగశాలలో వేరుసెనగనుండి పాలు, నూనెలు, రంగులు, సబ్బులు మున్నగు మూడువందల వస్తువులు తయారుచేసెనని చెప్పుదురు. వానిలో పెక్కు వంటకములే. అంగడికెక్కినవి మిక్కిలి కొలది. ఆయన పొందిన పేటెంటులు మూడు మాత్రమే. వేరుసెనగ వెన్నను ఆయనయే కనిపెట్టెనను ప్రచారము నిజము కాదు. తన ప్రయోగముల వివరములను శ్రద్ధగా వ్రాసియుంచకపోవుట ఆయనయందలి లోపము. అయినను పశువుల మేతగా నెంచబడిన ఒక పంటకు విలువ కలదని జనులను నమ్మించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1921 లో పైదేశములనుండి వచ్చు వేరుసెనగపై సుంకము విధించు విషయమున అమెరికా ప్రజాప్రతినిధుల సంఘము ఆయన సాక్ష్యమును కోరెను. పది నిమిషములు మాత్రమే యిచ్చిరి. కొందరు సభ్యులు మొదట హేళన చేసిరి. ఆయన శాంతముగా పెట్టెనుండి వస్తువు వెంట వస్తువు తీసి చూపసాగెను. నిమిషములు గడచిపోయెను, వారే ఆయనను ఇంకను చెప్పుమని కోరిరి.

కీర్తి వచ్చినను కార్వరు మారలేదు. తెల్లవారకమునుపే లేచి అడవిలో నడచి మొక్కలను ఏరితెచ్చుట మానలేదు. పాతకోటు, దాని బొత్తామువద్ద తాజాపూవు – ఇదియే ఆయన వేషము. వివాహము చేసికొనలేదు. జీతము హెచ్చింపుమని అడుగలేదు. తాను కూడబెట్టిన ధనమునంతయు, అరువది వేల డాలర్ల వరకు, పరిశోధన కొరకు ఏర్పరచిన నిధికి సమర్పించెను. 1943 జనవరి 5వ తేదిన మరణించెను. టస్కెగీలో బుకర్ వాషింగ్టను సమాధి ప్రక్కనే ఆయనను ఖననము చేసిరి. ఒక గుఱ్ఱమునకు మారుగా దొరకిన బిడ్డ పుట్టినచోటును అమెరికా ప్రభుత్వము ఆ సంవత్సరముననే జాతీయ స్మారకముగా ప్రకటించెను.

ఇక మన సీమకు వత్తము. ఆంధ్రప్రదేశ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964 లో స్థాపింపబడెను. బోధనము, పరిశోధనము, విస్తరణము అను ఆ మూడు ధర్మములే దానికిని పునాది. దానికి తోడ్పడినది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయము. అనగా ఒకప్పుడు కార్వరు బట్టలుతికి చదువుకొన్న రాష్ట్రముననున్న విద్యాలయము. మన విశ్వవిద్యాలయమునకు 1996 లో ఆచార్య రంగాగారి పేరు పెట్టిరి. అనంతపురమునకు చేరువనున్న రేకులకుంటలో ఆ విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానము మెట్టసేద్యముపై కృషి చేయుచున్నది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరియందలి పరిశోధన స్థానము కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి మున్నగు వేరుసెనగ వంగడములను రైతుల కిచ్చెను. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము నేర్చినదానిని పల్లెలకు చేర్చుచున్నది.

అయితే ఇచ్చట ఒక విచిత్రము కలదు. అలబామాలో ప్రత్తి చేసినపనిని, అనంతపురములో వేరుసెనగయే చేసెను. పూర్వము ఈ నేలలో కొఱ్ఱ, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ, కంది కలసి పండుచుండెను. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున రొక్కము తెచ్చు వేరుసెనగ వాటినన్నిటిని త్రోసివేసి లక్షల హెక్టారులలో ఏకపంటగా వ్యాపించెను. వాన తప్పిన యేట అందరి పొలములును ఒక్కసారిగా ఎండెను. అందరి అప్పులును ఒక్కసారిగా పెరిగెను.

2000 సంవత్సరమున కాండముకుళ్ళు తెగులు వచ్చినప్పుడు ఈ సత్యము మరింత స్పష్టమయ్యెను. ఆ ఒక్క ఖరీఫు కాలముననే దాదాపు 2,25,000 హెక్టారుల పంట దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలను మించెను. శాస్త్రజ్ఞులు పొలములకు పోయి వెదకగా, కారణమగు వైరసు గట్లపైన పెరుగు వయ్యారిభామ అను కలుపుమొక్కలో దాగియున్నట్లు తెలిసెను. దాని పుప్పొడిని తామరపురుగులు మోసికొనివచ్చి వేరుసెనగకు అంటించుచున్నవి. వయ్యారిభామను పూతకు రాకమునుపే పెరికివేయుట, చేనిచుట్టు జొన్ననో సజ్జనో దట్టముగా విత్తి పురుగులకు అడ్డుకట్ట కట్టుట – ఇవి వారు చెప్పిన ఉపాయములు. బీద రైతునకును ఇవి అందుబాటులోనివే. కార్వరు జీవించియుండినచో వీనిని చూచి సంతసించియుండును.

కావున కార్వరు చరిత్రమునుండి వేరుసెనగ వేయుడను మాటను మాత్రము గ్రహించినచో మనము ఆయనను సగమే తెలిసికొన్నవారము. ఆయన అలబామాలో వేరుసెనగ వేయుమనుట, అచ్చటి నేలకు అప్పుడు అది కావలసియుండుటచేతనే. ఒకే పంటపై బ్రతుకును నిలుపవలదనునది ఆయన బోధలోని సారము. అనంతపురములో నేడు వేరుసెనగ సాళ్ళ నడుమ కంది విత్తువారును, కొఱ్ఱను మరల తెచ్చుకొనువారును, నీరున్నచోట చీనీ, దానిమ్మ తోటలు పెంచువారును, తెలిసియో తెలియకయో ఆయన త్రోవనే నడచుచున్నారు.

బాలబాలికలారా! మీ చేలోని వేరుసెనగ మొక్క నొకదానిని మెల్లగా పెరికి వేళ్ళను పరీక్షింపుడు. బుడిపెలు కనబడును. ఒకదానిని గోటితో చీల్చి లోపలి రంగును గమనింపుడు. ఎఱ్ఱగా నున్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. చూచినదానిని ఇంటికి పోయి మీ పెద్దలకు చూపుడు.